నడివయస్సులో దారి అడుగుట

పదహారేళ్ళ బాలుడు పెద్దల వద్దకు వచ్చి, ఏ చదువు చదవాలి, ఏ పనిలో ప్రవేశించాలి అని అడిగితే లోకం అతనిని వినయశీలుడని మెచ్చుకుంటుంది. అదే ప్రశ్నను నలుబదియేళ్ళ గృహస్థు, ఒక వృత్తిలో ఇరువదియేళ్ళు గడపినవాడు అడిగితే వినేవారి ముఖంలో ఇబ్బంది కనిపిస్తుంది. ఇంత వయస్సు వచ్చినా ఇతనికి తన పని ఏదో తెలియలేదా అని వారు లోలోపల అనుకుంటారు. అడిగేవాడికీ ఆ సంగతి తెలుసు. అందుచేత అతడు మాట మార్చి అడుగుతాడు. తన మిత్రుడెవరో సందిగ్ధంలో ఉన్నాడని చెప్పి, తన కథనే వినిపిస్తాడు. వృత్తి మార్చుకొనదలచిన పెద్దవాడు సలహా కోరడం అవివేకమా? కాకపోతే అతడు ఏమి అడగవచ్చు? సలహా చెప్పేవాడు ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పరాదు? చూడడానికి ఇది లౌకిక విషయమే అయినా దీనిలో ధర్మసూక్ష్మం లేకపోలేదు.

బాలుడికీ పెద్దవాడికీ గల భేదం వయస్సులో మాత్రమే లేదు. బాలుడు పొరపడితే నష్టం చాలవరకు అతనిదే. దిద్దుకొనడానికి కాలమూ ఉంటుంది. పెద్దవాడు పొరపడితే ఆ నష్టం అతని పొయ్యి మీది అన్నం వండుకొని తినే వారందరిదీ అవుతుంది. పైగా అతడు వట్టిచేతులతో రాడు. ఇన్నేళ్ళ నైపుణ్యం, పేరు, స్నేహాలు, అలవాట్లు అతని వెంట ఉంటాయి. వాటిలో కొన్ని కొత్త దారిలో పనికివస్తాయి, కొన్ని బరువవుతాయి. ఏది ఏదో అతనికి ఒంటరిగా తెలియదు. తన వీపు తనకు కనిపించదు గదా! కనుక అతడు మరొకరిని అడగడంలో అవివేకమేమీ లేదు. చిక్కంతా అడిగే తీరులో ఉన్నది.

ఈ దేశంలో వృత్తి మార్చుకొన్నవారిలో మొదట తలపునకు వచ్చేవాడు ఆదికవియే. దారికాచి దోచుకొనే వాడొకడు సప్తర్షులకు ఎదురుపడిన కథ అధ్యాత్మరామాయణంలో ఉన్నది. ఋషులు అతనికి వెంటనే కొత్త వృత్తిని ఉపదేశించలేదు. దోపిడి పాపమని దీర్ఘోపన్యాసమూ చేయలేదు. ఎవరి కొరకు ఈ పని చేస్తున్నావో వారిని వెళ్ళి అడుగు, నీ సంపాదనలో పాలుపంచుకొనేవారు నీ పాపంలో కూడా పంచుకొంటారేమో కనుక్కొని రా, అంతవరకూ మేమిక్కడనే ఉంటామన్నారు. ఆలుబిడ్డలు పంచుకోమన్నారు. తిరిగివచ్చినవాడు వెళ్ళినవాడు కాడు. ఆ మార్పు ఋషుల ఆజ్ఞవల్ల రాలేదు, ఒక ప్రశ్నకు తన ఇంటనే దొరికిన జవాబువల్ల వచ్చింది. ఋషులు చేసిన మేలు రెండు విధాలు. ఇన్నాళ్ళూ అతడు తప్పించుకొని తిరిగిన ప్రశ్నను అతని చేతిలో పెట్టినారు. జవాబు తెచ్చేవరకు కదలక నిలుచున్నారు. ఈ రెండవది మొదటిదానికంటె తక్కువది కాదు.

ఇటీవలి చరిత్రలో దీనికి సాటియైన ఘట్టం ఒకటి ఉన్నది. 1921 ఫిబ్రవరి 8వ తేదీన గోరఖ్‌పూరులో గాంధీజీ ఉపన్యసించినారు. విన్నవారిలో అక్కడి నార్మల్ స్కూలు ఉపాధ్యాయుడు ధనపత్ రాయ్ ఒకడు. సాహిత్యలోకానికి ఆయన ప్రేమ్‌చంద్. అప్పటికి నలుబదియేళ్ళవాడు. సర్కారు కొలువులో సుమారు ఇరువదియేళ్ళు గడచినవి. ఆరోగ్యం అంతంతమాత్రం, ఇంట చిన్నపిల్లలు. కొలువు విడవాలని మనస్సు చెప్పింది. అయినా ఆయన ముందుగా రాజీనామా వ్రాసి పిమ్మట ఇంట తెలియజేయలేదు. భార్య శివరానీదేవిని అడిగినాడు. ఆమె కొంత ఆలోచించి తన సమ్మతి తెలిపింది. ఆ నెలలోనే ఆయన కొలువు విడిచినాడు.

ప్రేమ్‌చంద్ ఆమెను ఏ వృత్తి తనకు తగినదని అడగలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. రాబోయే లేమిని ఇల్లు భరించగలదా అన్నదే ఆయన ప్రశ్న. బోయవాడు తన పాపంలో పాలు అడిగినాడు, ప్రేమ్‌చంద్ తన కష్టంలో పాలు అడిగినాడు. మొదటివాని ఇంటివారు కాదన్నారు, రెండవవాని ఇల్లాలు ఔనన్నది. ఆ ఔను ఎంత బరువైనదో తరువాతి సంవత్సరాలు చూపినవి. కాన్పూరులో బడి ఉద్యోగం నిలవలేదు. 1923లో కాశీలో పెట్టిన సరస్వతీ ప్రెస్సు లాభాలకంటె అప్పులనే ఎక్కువ తెచ్చింది. 1934లో సినిమా కథలు వ్రాయడానికి బొంబాయి వెళ్ళినాడు; ఆ వాతావరణం పడక మరుసటి ఏడు తిరిగివచ్చినాడు. 1936లో కన్నుమూసినాడు. ఫలితాన్నిబట్టి తూచేవాడు ఆ నిర్ణయాన్ని తప్పనవచ్చు. కాని తాను మోయవలసిన బరువును ముందే చూచి సమ్మతించిన మనిషి పక్కనుండగా తీసుకొన్న నిర్ణయం అది. అటువంటి నిర్ణయం కష్టాన్ని తేవచ్చును గాని, ద్రోహాన్ని తేదు.

ఆ ఫిబ్రవరిలోనే, 16వ తేదీన, కేంబ్రిడ్జినుండి ఒక యువకుడు కలకత్తాలోని చిత్తరంజన్ దాసుకు ఉత్తరం వ్రాసినాడు. ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగవవాడుగా నెగ్గిన సుభాష్ చంద్ర బోసు ఆ పదవిని వదలుకొనదలచినాడు. వదలవచ్చునా అని అతడు దాసును ప్రాధేయపడలేదు. తనకు ఏయే పనులు చేతనవునో చెప్పి, దేశసేవలో తనకు ఏ పని ఉన్నదో తెలుపమని అడిగినాడు. పని కొదవలేదని జవాబు వచ్చింది. ఏప్రిల్ 22న అతడు రాజీనామా పంపినాడు. నడచిన దారి గలవాడిని దారి సంగతి అడగాలి. ఇంటివారిని బరువు సంగతి అడగాలి. వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నను తననే అడుగుకోవాలి. ఒకరిని అడగవలసినది మరొకరిని అడగడంవల్లనే వృత్తి మార్పులలో సగం దుఃఖం పుడుతుంది.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఈ సలహాను ఒక శాస్త్రంగా మలచడానికి పూనుకొన్నాడు. ఇంజనీరింగు చదివి, బడిపంతులుగా, న్యాయవాదిగా, న్యాయశాస్త్రోపాధ్యాయుడుగా ఆయనే పలు వృత్తులు మారినవాడు. 1908లో బోస్టనులో వృత్తి సలహాల కార్యాలయం నెలకొల్పినాడు. ఆయన గ్రంథం మరణానంతరం 1909లో వెలువడింది. తన్ను తాను ఎరగడం, పనుల లోకాన్ని ఎరగడం, ఈ రెంటి పొందికను నిదానంగా విచారించడం, ఈ మూడే వృత్తినిర్ణయానికి మూలమని ఆయన చెప్పినాడు. ఒకరి వృత్తిని మరొకరు నిర్ణయించరాదన్నది కూడా ఆయన నియమమే. ఆ శాస్త్రం తరువాత ఎన్ని పరీక్షలను, పట్టికలను కూర్చుకొన్నదో! ఈ నియమాన్ని మరచినచోట మాత్రం అది జాతకం చెప్పడంతో సమానమైంది.

సలహా చెప్పేవాడు ఈ నియమాన్ని మరవడానికి కారణాలు చాలా ఉన్నవి. తాను ధైర్యం చేయలేకపోయినవాడు ఎదుటివాడిని సాహసానికి పురికొల్పి దూరాన నిలిచి చూస్తాడు. సాహసం చేసి దెబ్బతిన్నవాడు ప్రతి గడపలోనూ గొయ్యి చూపిస్తాడు. నెగ్గినవాడు తన అదృష్టాన్ని పద్ధతి అనుకొని బోధిస్తాడు. తనతో బయలుదేరి మధ్యలో పడిపోయినవారిని లెక్కలోకి తీసుకోడు. సలహా అమ్ముకొనేవాడు వచ్చినవాడి భయాన్ని పెంచుతాడు. ఇక అడిగేవారిలోనూ ఒక కపటం ఉంటుంది. నిర్ణయం ముందే చేసుకొని, తనకు నచ్చిన మాట చెప్పేవాడు దొరికేవరకు పదిమందిని అడుగుతాడు. రేపు పని చెడితే, ఫలానావాడు చెప్పినాడు గనుక చేసినానని అనడానికి ఒక పేరు సిద్ధంగా ఉంచుకుంటాడు. అట్టివాడు కోరేది సలహా గాదు, పూచీ.

భగవద్గీతను ఈ కోణంనుండి చూడవచ్చును. ఎదిగిన మనిషి ఒకడు తన పని నడుమ నిలిచిపోయి, ఇంతకంటె బిచ్చమెత్తుకొని బ్రతకడం మేలంటాడు. ఏది శ్రేయస్కరమో నిశ్చయించి చెప్పమని శరణంటాడు. అన్ని అధ్యాయాల పిదప ఆచార్యుడు అతనికి చెప్పినదేమి? దీనిని సమగ్రంగా విమర్శించి నీకు ఎట్లు తోచునో అట్లు చేయుమన్నాడు. తరువాత శరణాగతిని కోరిన మాట ఉన్నది నిజమే. అయినా ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని తిరిగి తీసుకొనలేదు. సర్వజ్ఞుడని నమ్మబడినవాడే నిర్ణయాన్ని అడిగినవానికి వదిలిపెట్టగా, మానవమాత్రుడైన సలహాదారు దానిని లాగుకొనడం ఎట్లు తగును?

ఇక్కడ ఒక ఆక్షేపణను దాటవేయడం న్యాయం కాదు. ఆ గీతలోని స్వధర్మమనే మాటనే చూపి, పుట్టుకతో వచ్చిన వృత్తిని విడువరాదని కోట్లమందిని కట్టివేసినారు. తోలుపని చేసేవాడు, పాకీపని చేసేవాడు తాను వేరొక పని చేయవచ్చునా అని అడగడమే అపరాధమైన కాలం ఎంతో నడచింది. అడగడానికే హక్కు లేనిచోట సలహాకు చోటెక్కడ? 1936లో వెలువడిన ‘కులనిర్మూలన’లో అంబేడ్కరు ఈ సంగతిని సూటిగా చెప్పినాడు. కులం శ్రమనే గాక శ్రామికులనే విభజించిందనీ, మనిషిని పని మార్చుకోనీయకపోవడంవల్ల నిరుద్యోగానికీ కారణమైనదనీ ఆయన వాదం. కనుక నడివయస్సులో ఒకడు దారి అడుగుతున్నాడంటే అతని వెనుక ఒక పోరాటఫలం ఉన్నది. ఆ ప్రశ్నను విని నవ్వేవారికి ఆ ఫలం విలువ తెలియదు.

మనిషి వృత్తిని విడవడం ఒకటి, వృత్తి మనిషిని విడవడం మరొకటి. 1982 జనవరిలో బొంబాయి బట్టలమిల్లుల కార్మికులు సుమారు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టినారు. తరువాతి సంవత్సరాలలో ఎన్నో మిల్లులు మూతబడి, వేలకొలది చేతులు పని మరచిపోవలసివచ్చింది. తెలంగాణమునుండి వలసవెళ్ళిన పద్మశాలీ కుటుంబాలకు కూడా ఆ మిల్లులే జీవనాధారంగా ఉండేవి. మగ్గం శబ్దంలో చెవులు మొద్దుబారిన నలుబదియైదేళ్ళవానితో కొత్త విద్య నేర్చుకో అనడం సులభం. నేర్చుకొనే ఆరునెలలూ ఇంట బియ్యం ఎక్కడివో చెప్పకుండా ఇచ్చే ఆ సలహా అవమానమే. ప్రభుత్వం ఈ బాధ్యతను ఎరగనిది కాదు. మన ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు 1945లో పుట్టినదే యుద్ధంనుండి తిరిగివచ్చిన సైనికులకు కొత్త బ్రతుకు చూపడానికి. 1948లో వాటి తలుపులు అందరికీ తెరచినారు. 2015లో జాతీయ వృత్తిసేవ అన్న పేరుతో ఆ పనికి కొత్త రూపమిచ్చినారు. పేరు నమోదు చేసుకొనే బల్ల ఉండడం మంచిదే. బల్లకు ఆవల కూర్చున్నవాడు ఎదుటివాని ఇంటి సంగతి కూడా అడిగినప్పుడే అది సలహా అవుతుంది.

దారి చెప్పేవాడు తనకు తెలిసినంత దారి నిజంగా చెప్పాలి. గోతులు దాచరాదు, లేనివి కల్పించరాదు. అడిగినవాడు అడగక వదిలిన ప్రశ్నను మెల్లగా ముందుంచాలి. జవాబు తెచ్చుకొనేవరకు, సప్తర్షులవలె, వేచి ఉండాలి. దారి అడిగేవాడు తన ఇంటివారిని మొదట అడగాలి. పని చెడిననాడు చెప్పినవాని పేరు ఎత్తరాదు. ఇద్దరూ తమ ధర్మాన్ని ఇట్లు నెరవేర్చినా, కొత్త వృత్తిలో అన్నం దొరకకపోవచ్చు. అప్పుడైనా ఆ ఇంటివారు ఒకరినొకరు నిందించుకొనకుండా ఆ రాత్రి ఉన్నదే పంచుకొని తినగలుగుతారు.