ఈ వయసులో పళ్లెందుకు?

కంటికి పొర కమ్మిందంటే మదురై చుట్టుపక్కల ఊళ్లలో 80 ఏళ్ల ముసలమ్మనైనా బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోతారు. "ఈ వయసులో నీకు చూపెందుకు" అన్న మాట ఏ కొడుకు నోటా రాదు. అదే ముసలమ్మకు పళ్లన్నీ రాలిపోతే అదొక జబ్బని ఇంట్లో ఎవరికీ తోచదు. ఆమెకూ తోచదు. "ఇంకెన్నాళ్లుంటాను, నాకెందుకురా పళ్లు" అంటుంది. ఆ మాటకు ఇంటిల్లిపాదీ ఎంత తొందరగా తలూపుతారో చూస్తే, అది నిజంగా ఆమె మాటేనా అని అనుమానం వస్తుంది.

ఒంట్లో ఒకటి పోతే అవసరం, ఇంకొకటి పోతే సోకు. ఈ పంపకం ఎవరు చేశారు?

వాడే సరుకును బట్టి చూస్తే ఈ తేడాకు ఆధారం దొరకదు. కట్టుడు పళ్లకు గులాబీ రంగు చిగురుగా పోసే యాక్రిలిక్కూ, శుక్లం తీసి కంట్లో పెట్టే గట్టి రకం లెన్సూ ఒకటే పదార్థం: పాలీ మిథైల్ మెథాక్రిలేట్. 1930ల చివర్లో అది పళ్ల వైద్యంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అదే పదార్థంతో చేసిన విమానం అద్దాల పెంకులు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించడం గమనించి, 1949లో లండన్‌లో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ దాన్నే లెన్సుగా కంట్లో పెట్టాడు.

మదురైలో ఆ లెన్సు దశ తిరిగింది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి సర్కారు ఉద్యోగం నుంచి రిటైరై, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. బయటి దేశాల లెన్సు పేదవాడికి అందేది కాదు. అందుకే 1992లో ఆరోల్యాబ్ పెట్టి అక్కడే తయారు చేయించారు. ధర పడిపోయింది. ఊరూరా శిబిరాలు పెట్టి, మనుషుల్ని బస్సులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి మళ్లీ ఇంటికి చేర్చారు. ముసలివాళ్లకు చూపుండడం మామూలు సంగతైంది.

పళ్ల చరిత్ర కూడా ఎవరికి దక్కాయన్న చరిత్రే. 18వ శతాబ్దంలో పెట్టుడు పళ్లంటే ఏనుగు దంతం, నీటిగుర్రం దంతం, లేదా మనిషి పళ్లు. జార్జి వాషింగ్టన్ లెక్కల పుస్తకంలో 1784లో నల్లవాళ్ల దగ్గర 9 పళ్లు కొన్నట్టు పద్దు ఉంది. 1815లో వాటర్లూలో చచ్చిపోయిన సిపాయిల పళ్లు పీకి అమ్ముకున్నారు. ఒకరి నోరు నిండడానికి ఇంకొకరి నోరు ఖాళీ అయ్యేది. 19వ శతాబ్దం మధ్యలో వల్కనైట్ రబ్బరు, ఆ తర్వాత యాక్రిలిక్ వచ్చాకే మామూలు సంసారికి పళ్ల సెట్టు అందుబాటులోకి వచ్చింది.

అయితే పెట్టించుకుంటే తిరిగి వచ్చేదేమిటి? కట్టించుకున్న పన్నూ ఒక విడిభాగమే. విడిభాగాల సంగతి కోయంబత్తూరు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పీలమేడు, సింగానల్లూరు వైపు మిల్లులూ, మోటార్లూ, పంపులూ వాళ్ల చేతుల మీద పెరిగినవే. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గడ్డం గీసే కరెంటు రేజరు దాకా చేసి చూపించారు. లేతు మీద బతుకంతా గడిపిన పెద్దాయనకు ఇంప్లాంటు ఒక్క ముక్కలో అర్థమవుతుంది: దవడ ఎముకలో బిగించే టైటానియం మర. ఆశ్చర్యపోయేది ఆ తర్వాతే. బిగించింది డాక్టరైనా పట్టుకోవలసింది ఎముక. కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం ఊడి రాకపోవడం స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్ 1950లలో గమనించారు. 1965లో దాన్ని మనిషి దవడకు వాడారు.

ఎముక పట్టుకున్నా అది సొంత పన్ను కాదు. సొంత పన్ను ఎముకలో పాతుకుపోయి ఉండదు. నరాలున్న సన్నటి పీచు పొరలో ఊగుతూ ఉంటుంది. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, పళ్ల మధ్య 20 మైక్రాన్ల రేకు పడినా మనిషికి తెలిసిపోతుంది. అన్నంలో ఇసుక రేణువును నమిలీ నమలకముందే పట్టుకునేది ఆ పొరే. ఇంప్లాంటుకు అది లేదు. నమలడం తిరిగి వస్తుంది, ఆ స్పర్శ అంతగా రాదు. పంటి మీది ఎనామెల్‌దీ అదే కథ. పన్ను చిగురు చీల్చుకుని పైకి వచ్చేసరికే ఎనామెల్ కట్టిన కణాలు పని ముగించుకుని పోతాయి. సిమెంటు పెట్టినా, క్యాపు వేసినా అది మళ్లీ పెరగదు. బ్రిడ్జి కట్టాలంటే పోయిన పన్ను బరువు మోయడానికి అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. పోయినదాని కోసం ఉన్నదాన్ని ఎంత కోయవచ్చు? పళ్ల డాక్టరు రోజూ ఎదుర్కొనే ఈ ప్రశ్న తత్వవేత్తలకూ తేలికైనది కాదు.

తమిళనాట తెలుగిళ్లలో నోటి మీద ఇంకో బరువు కూడా ఉంది. విజయనగరం నాటి నుంచీ, మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి దిగి వచ్చిన కుటుంబాలివి. బడిలో తమిళం, బజార్లో తమిళం, ఇంట్లో తెలుగు. చాలామందికి ఆ తెలుగు చదవనూ రాదు, రాయనూ రాదు. పాత మాటలన్నీ ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, 'గోపల్ల గ్రామం' నవలలో ఆ వలస కథను నూరేళ్లు ఎప్పుడో దాటిన అవ్వ నోటే చెప్పించారు. త, ద, న పలకాలంటే నాలుక పైపళ్లను తాకాలి. బోసినోట ఆ అక్షరాలు జారిపోతాయి. వినే మనవడికి అసలే తెలుగు అంతంతమాత్రం. ఒకసారి అర్థం కాక, రెండోసారి అడగడానికి విసుగేసి లేచిపోతాడు. అవ్వ చెప్పడం మానేస్తుంది.

సెట్టు తయారు కాకముందు పళ్లను మైనం మీద పేర్చి నోట్లో పెట్టి చూసే రోజొకటి ఉంటుంది. డాక్టరు అద్దం చేతికిచ్చి "పాట్టీ, ఏదన్నా మాట్లాడండి" అని తమిళంలో అడుగుతాడు. ఆమె మనవరాలి వైపు తిరిగి "ఏందే, అట్ట చూస్తావు" అంటుంది తెలుగులో. మాట అర్థం కాకపోయినా ఆయన చెవి నాలుక తగిలే చోటు మీదే ఉంటుంది. పళ్లు బయటికి తీసి, కాల్చిన కత్తితో మైనం మెత్తబరిచి, ముందు వరుసను కొంచెం వెనక్కి నొక్కి మళ్లీ పెడతాడు. తనకు రాని భాషకు ఆయన చేస్తున్న మరమ్మతు అది.

అలాగని వద్దన్న ప్రతి పెద్దామెనూ కుర్చీలో కూర్చోబెట్టాలా? సెట్టు పళ్ల కొరుకుడు బలం సొంత పళ్లలో సుమారు నాలుగో వంతే. కింది సెట్టు కదులుతుంది, చిగురు ఒరుసుకుని పుండు పడుతుంది. పళ్లు పోయి ఏళ్లు గడిస్తే దవడ ఎముకా అరిగిపోయి దానికి ఆనిక ఉండదు. సంగటీ పెరుగన్నమూ చిగుళ్లతోనే తిని హాయిగా ఉండేవాళ్లున్నారు. వాళ్ల వద్దును వద్దుగానే వినాలి. కానీ బతుకంతా అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తిన్న మనిషి వద్దు వేరు. వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే ధర ఎత్తకముందే అడగాలి: "అవ్వా, మళ్లీ ఏం కొరుక్కు తినాలనుంది?" ఆమె మురుకులనో, వేయించిన వేరుశనక్కాయలనో, చెరుకు ముక్కనో అందంటే, ఆమె వద్దన్నది మన ఖర్చును.

పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటాం. కట్టించుకోవడానికి మాత్రం రాయికీ రాయికీ తేడా ఉంది: కొన్ని వేలల్లో యాక్రిలిక్, ఒక్కో పంటికి పదుల వేలల్లో ఇంప్లాంటు. ఏది సరిపడుతుందో డాక్టరు చెప్తాడు. ఆయన చెప్పలేనిది ఒకటుంది. సరుకు చవక కావడం సగం పనే. అడగడానికి తనకు హక్కుందని మనిషికి అనిపించడం రెండో సగం. చూపు విషయంలో మదురై రెండూ సాధించింది. పళ్ల దగ్గర మొదటి సగం జరిగి ఎనభై ఏళ్లు దాటింది. పొలానికెంత, పెళ్లికెంత, బండికెంత అని ఇంట్లో లెక్కలు వేసుకునేటప్పుడు అవ్వ నోటికెంత అని ఎవరో ఒకరు పైకి అనకపోతే, ఆ రెండో సగం ఏ ఆసుపత్రి వల్లా కాదు.