చేను దున్నింది ఎవరు?

2022 మార్చి ఎండలకు ఉత్తరాదిన గింజ సరిగా నిండకముందే గోధుమ చేలు పండిపోయాయి. మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో వాన మొహం చాటేసింది. 1901 నుంచి అంత పొడి ఆగస్టును దేశం చూడలేదు. వాతావరణం మెల్లగా మారితే రైతు విత్తనం మార్చి, అదును మార్చి ఎంతో కొంత సర్దుకుంటాడు. ఒక్కసారిగా కాలం తప్పితే ఆ వ్యవధి ఉండదు. విత్తనం, ఎరువు, కౌలు అన్నీ పెట్టేశాక ఆకాశం ఎదురుతిరుగుతుంది.

అప్పుడు మనకు రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అంతా అనిత్యమే కదా అని. రెండోది, చేసుకున్న కర్మ అని. మొదటిది ధమ్మాన్ని సగమే చెబుతుంది, రెండోది ధమ్మమే కాదు. అన్నీ మారతాయని చెప్పిన బుద్ధుడే ప్రతి మార్పుకూ కారణం ఉంటుందని, కారణం తొలగితే దుఃఖం తొలగుతుందని చెప్పాడు. బొగ్గు, చమురు మండించిన పొగ భూమిని వేడెక్కిస్తోంది. ఇది ఒక కారణం. కానీ ఎండిన చేను నష్టం ఏ ఇంటి మీద పడుతుందన్న దానికి కారణం ఆకాశంలో లేదు, ఊరిలోనే ఉంది.

మన తెలుగు నేలనే చూద్దాం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకే చేరింది, కౌలుదారుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సాగుదారు హక్కు కార్డు ఇస్తానంది, దానికి భూయజమాని సంతకం కావాలంది. భూమి చేజారుతుందని భయపడే యజమాని సంతకం పెట్టడు. పంట పోయేది ఒకరికి, సాయం అందేది మరొకరికి. పనిదినాలు పోగొట్టుకున్న కూలీ తల్లి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఇలా మిగిలిపోయేవారిలో మనవాళ్లు ఎందరో మనకు తెలుసు.

నీటి కరువు మన ధమ్మానికి కొత్త ప్రశ్న కాదు. సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి మూలం రోహిణీ నది నీటి తగాదా అని బాబాసాహెబ్ రాశారు. శాక్యులు కోలియుల మీద యుద్ధానికి లేచినప్పుడు, ముందు విచారణ జరగాలి, తప్పెవరిదో తేలాలి అన్నాడు సిద్ధార్థుడు. అందుకే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. కూటదంత సుత్తంలో రాజుకు అందిన సలహా ఇంకా సూటిగా ఉంటుంది. రాజ్యంలో అశాంతి పోవాలంటే సాగుచేసేవారికి విత్తనం, పశుగ్రాసం ఇవ్వమంటుంది. సాయానికి కొలత అక్కడ చేసే పనే.

భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అన్న తేడాలే లేని సాగును బాబాసాహెబ్ 1947లో ‘రాష్ట్రాలు, మైనారిటీలు’లో ప్రతిపాదించారు. అంత దూరం మనం ఇంకా వెళ్లలేదు. ఈలోగా కరుణ అంటే కన్నీరు పెట్టుకోవడం అనుకోకూడదు. పంటనష్టం జాబితా రాసే రోజున మన విహారాల నుంచి పదిమందిమి గ్రామసభకు వెళ్లాలి. ప్రతి సర్వే నంబరు దగ్గరా ఒకటే అడగాలి: ఈ ఏడు ఈ చేను దున్నింది ఎవరు?