జంక్షన్ మీదుగా జపాను

హనుమాన్ జంక్షన్‌లో తెల్లవారుజామున నిలబడితే నాలుగు దిక్కులూ పిలుస్తాయి. ఒక కేక ఏలూరుకు, ఒకటి బెజవాడకు, ఒకటి నూజివీడుకు, ఇంకొకటి గుడివాడకు. ఆ కేకల మధ్య మా మనవరాలు నా వేలు పట్టుకుని, "తాతయ్యా, జపానుకు బస్సు ఏ పక్క ఆగుతుంది?" అంది. డోరేమాన్ బొమ్మలు చూసి చూసి ఆ దేశం మీద మనసుపడింది పిల్ల. నవ్వి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం మేం జపానుకే బయల్దేరుతున్నాం. ఒక్క టికెట్టూ జిల్లా దాటలేదు.

మొదటి మజిలీ మా వీధే. వాకిళ్లలో కళ్లాపి చల్లుతున్నారు. అక్కడా ఇలాగే గుమ్మం ముందు నీళ్లు చిలకరిస్తారు, దాన్ని ఉచిమిజు అంటారు అని చెప్పాను. చెప్పులు విప్పకుండా ఇంట్లో అడుగుపెట్టరన్నాను. జాతీయ రహదారి పక్కన ఆంజనేయస్వామి గుడిలో పిల్ల కాళ్లు కడుక్కుని గంట కొట్టింది. అక్కడి షింటో గుళ్లలో చేతులు, నోరు కడుక్కుని, లావుపాటి తాడు ఊపి గంట మోగించి, రెండు చప్పట్లు చరిచి దణ్ణం పెడతారని చెబితే, స్వామి ఎదుట తనూ రెండు చప్పట్లు చరిచింది. ఎంత ముచ్చటేసిందో! సముద్రం దాటిన స్వామికి ఏ దేశపు దణ్ణమైనా దణ్ణమే.

నాట్ల రోజుల్లో బాపులపాడు గట్ల మీద నడిచాం. మోకాలి లోతు బురదలో వంగి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఆడవాళ్లు పచ్చటి వరసలు పెడుతున్నారు. జపానులోనూ నారు పోసి, పీకి, నాటే వ్యవసాయమే. అక్కడా నాట్ల పాటలున్నాయి. వండిన అన్నానికీ, పూట భోజనానికీ వాళ్లకు ఒకటే మాట: గొహన్. మనమూ ఎదురైన వాళ్లను "అన్నం తిన్నావా" అనే కదా పలకరిస్తాం! "నేను అన్నం తింటాను" అనడానికి వాళ్లు "వతాషి వ గొహన్ ఒ తబెమసు" అంటారు. నేను ముందు, అన్నం మధ్యలో, తినడం చివర. మాటలు వేరైనా వాటి నడక మనదే.

ఇంకో ఆదివారం గుడివాడలో రైలెక్కి, గుడ్లవల్లేరు, కవుతరం దాటి పెడనలో దిగాం. కరక్కాయ రసంలో ముంచి ఆరేసిన గుడ్డ మీద కొయ్య అచ్చు పడుతుంటే పిల్ల రెప్ప వెయ్యలేదు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెడితే నలుపు, పటిక పట్టిన చోట ఎరుపు! 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో కోఠీ పెట్టిన డచ్చివారు ఈ కోరమాండల్ తీరపు అద్దకాలను నాగసాకి దాకా మోసుకెళ్లారు. జపనీయులు వాటిని సరస అన్నారు. చిన్న ముక్కనైనా పారెయ్యక, తేనీటి వేడుకలో వాడే అపురూపమైన పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. అది విని మనవరాలు, "అయితే మనకంటే ముందు మన గుడ్డ వెళ్లిందన్నమాట!" అంది.

గుడ్డే కాదు, మనసూ వెళ్లింది. మొవ్వ దగ్గరి భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య జపాను భాష నేర్చి, 1913లో బాపట్ల సభలో ఆ భాషలోనే ప్రసంగించారు. జనం ఆయన్ను జపాన్ వెంకయ్య అన్నారు. 1921లో బెజవాడలో గాంధీజీ చేతికి జెండా అందించిందీ ఆయనే. పరాయి మాట నేర్చిన నోరు సొంత దేశాన్ని మరువలేదు.

పెడన నుంచి వచ్చిన రాత్రి డాబా మీద మనవరాలికి జపాను అక్షరాల వరస చెప్పాను. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. "ఇది మన అక్షరాల వరసే!" అని ఎగిరింది. నిజమే తల్లీ. సంస్కృత అక్షరాలు నేర్చిన బౌద్ధ భిక్షువుల చలవే ఆ వరస.

మొన్న మళ్లీ జంక్షన్‌లో నిలబడ్డాం. ఏ పక్క ఆగుతుందని ఈసారి అడగలేదు. గుడివాడ బస్సు వచ్చి ఆగింది. "ఇదీ అక్కడికే పోతుంది కదా" అని నాకంటే ముందే ఎక్కి, కిటికీ పక్కన నాకు చోటు పట్టింది.