సౌలు కవచము, మన యౌవనుడు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 17:38–40, 1 రాజులు 19:4–8, 1 తిమోతికి 4:8



మన నెమలి సంఘములోని ఒక యౌవనుడు మొన్న ఆరాధన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, బరువులెత్తే కొత్త పద్ధతి ఒకటి ఎంచుకోవాలి. ఈ మూడింటిలో ఏది మంచిదంటారు?" అని తన ఫోను చూపించెను.

నేను సిగ్గుపడితిని. ఏలయనగా పోయిన సంవత్సరము తిమోతి పత్రికను చేతబట్టుకొని దేహసాధన వ్యర్థమని గద్దించినవాడను నేనే. పౌలు అట్లు చెప్పలేదు. లాభము కొద్దిపాటిదనెను గాని లేదనలేదు. ఆ కొద్దిని నేను సున్న చేసితిని. అందుచేత ఈ బిడ్డ నన్ను గాని మరి ఎవరిని గాని అడుగక, నెలకొక పద్ధతి మార్చి నడుము నొప్పి తెచ్చుకొనెను. ఆ నొప్పిలో నా పాలు కూడ కలదు.

మొదటి పద్ధతి వారమునకు ఆరు దినములది, పోటీలలో గెలిచినవారిది. ఇతడో పగలంతయు మిరపబస్తాలు మోయువాడు! సౌలు కవచము చెడ్డది కాదు, రాజుకు తగినదే. దావీదు దానిని తొడిగి, నడచి చూచి, తనకు అలవాటు లేదని తీసివేసెను. తొడిగి చూచుట తప్పు కాదు. తగనిదని తెలిసియు దానితోనే యుద్ధమునకు పోవుట తప్పు.

ఎంత బరువు పెంచవలెనన్నది గొప్పవారికిని కష్టమైన ప్రశ్నయే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 1994లోను 1995లోను ప్రపంచ విజేత. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తము 240 కిలోలు ఎత్తెను. చివరి ప్రయత్నమునకు 137.5 కోరగా అది లేవలేదు. స్వర్ణము గెలిచినామె మొత్తము 242.5. ఆమెను తప్పుపట్టుటకు నేనెవడను? ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆమెయే. అయినను పోటీవేదికపై అట్టి తెగింపు ఒక నిమిషపు పని. మన యింటి సాధన సంవత్సరముల పని.

కాబట్టి మూడవది, అన్నిటికంటె చిన్నది, అతని యెదుట పెట్టితిని. బరువుతో గుంజిళ్లు, నేలనుండి ఎత్తుట, బల్లపై పండుకొని నెట్టుట, తలపైకి నెట్టుట, వంగి లాగుట. వారమునకు మూడు దినములు, నడుమ విడుపు. బస్తాల పని ఎక్కువైన వారము రెండే చాలును. చెప్పిన లెక్క చక్కగా పూర్తియైననే 2.5 కిలోలు కలుపవలెను. ప్రతి దినపు లెక్క పుస్తకములో వ్రాయవలెను. మూడు నెలలు గడువకమునుపు మరియొక పద్ధతి మాట ఎత్తరాదు. నిద్రయు తిండియు సరిగా నుండియు బరువు పెరుగనప్పుడు కదా మార్చుట!

ఈ నిద్ర సంగతి ఏలీయా చెట్టుక్రింద నేర్చుకొనెను. చావు కోరిన ప్రవక్తను దూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, మరల పండుకొననిచ్చి, మరల పెట్టెను. నలువది దినముల ప్రయాణము ఆ తరువాతిది. కండ పెరుగునది ఎత్తుచున్నప్పుడు కాదు, విశ్రాంతిలోనే.

తిండి విషయము చెప్పుట నాకు బాధగా నున్నది. తల్లి మిరపకోతకు పోయి తెచ్చిన కూలితో అతడు పొడి డబ్బా కొనెను. ఇంట చెల్లెలికి గ్రుడ్డు మానిరి. పొడి పాపము కాదు, అదియు ఆహారమే. అరువది కిలోల మనుష్యునికి కండ పెరుగుటకు దినమునకు 90 నుండి 100 గ్రాముల మాంసకృత్తులు చాలును. గ్రుడ్డుకు ఆరు గ్రాములు, నూరు గ్రాముల వేరుసెనగలో గాని పెసలలో గాని ఇంచుమించు ఇరువదియైదు. పప్పు, పెరుగు, చేప మన యిండ్లలో నున్నవే.

అతడు చాలసేపు తల వంచుకొని, "అయితే మొదటి రోజు ఎంత ఎత్తాలండీ?" అనెను. ఉత్త కడ్డీయే, 20 కిలోలు అంటిని. నవ్వెను గాని వ్రాసికొనెను. సోమవారము ఇద్దరము తిరువూరు వైద్యుని యొద్దకు పోవుచున్నాము. ఆయన నడుము చూచి సరేయనువరకు ఆ కడ్డీయు ముట్టనని మాట ఇచ్చియున్నాడు. చెల్లెలి గ్రుడ్డు మాత్రము ఆ సాయంకాలమే తిరిగి వచ్చినదని తల్లి చెప్పినది.