బైతుల్‌మాల్ లెక్క అడగడం తప్పా?

మహల్లా బైతుల్‌మాల్ లెక్క అడిగితే 'మమ్మల్ని శంకిస్తున్నారా?' అని కొందరు నొచ్చుకుంటారు. బనూ సులైమ్ తెగవారి జకాత్ వసూలు చేసి తెచ్చిన ఇబ్నుల్ లుత్బియ్యను దైవప్రవక్త (స) స్వయంగా లెక్క అడిగారు. అందులో కొంత తనకు కానుకగా వచ్చిందని ఆయన చెబితే, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. వసూలుదారులకు వేతనం ధర్మసమ్మతమే. తౌబా సూరా 60వ ఆయత్‌లోని ఎనిమిది పద్దుల్లో అదీ ఒకటి. అయితే అది చిట్టాలో కనబడాలి.

ఇక సొమ్ము ఎవరికి చేరిందన్నది అసలు ప్రశ్న. ఒక రంజాన్‌లో మా కమిటీ జాబితా రాస్తున్నప్పుడు నేనూ ఉన్నాను. మస్జిద్ వెనుక వీధిలో బీడీలు చుట్టి పిల్లల్ని చదివించుకునే వితంతువు పేరు అందులో లేదు. 'ఆమె అడగలేదు కదా మౌలానా!' అన్నారు. నేనూ తలూపాను. చేయి చాపని పేదలను గుర్తించమనే బఖరా సూరా 273వ ఆయత్‌ను దర్స్‌లో ఎన్నిసార్లు వివరించానో!

ఇప్పుడు షాబాన్ నెలలోనే ఇద్దరు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి విచారిస్తున్నారు. సరుకులు చీకటి పడ్డాక ఇళ్లకే చేరుతున్నాయి. ఫోటోలు మానేశాం. కమిటీలో కొందరికి ఆ వెలితి ఇంకా ఉంది.