పీఠము ఎవరిది?

మేడ్చల్, శామీర్‌పేట మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గములోనివి. 2014లో ఇచటి ఓటర్లు చామకూర మల్లారెడ్డిని తెలుగుదేశము అభ్యర్థిగా గెలిపించిరి. 2016లో ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. సభ్యత్వమును మాత్రము వదలలేదు. 2018లో మేడ్చల్ ప్రజలు ఆయననే సమితి పక్షమున శాసనసభకు పంపిరి. 2023లో మరల పంపిరి. ప్రజలే ఆమోదించిన పిమ్మట దోషమెక్కడిదని కొందరందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అయినను 2018 నాటి సమ్మతి నాటినుండియే చెల్లును గాని వెనుకటి రెండేండ్లకు చెల్లదు. అడుగక కొలుచుకొన్న ధాన్యమును ఆసామి పిదప మన్నించినను, కొలుచుకొన్ననాడు అది అడుగనిదే గదా!

మనసు మారుట పాపము కాదు. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని కొలువులో భండారమును చూచినవాడు. రాజుతో పొసగనినాడు పదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన నమ్మికను నిలుపుకొని అధికారమును వదలెను.

1985లో 52వ రాజ్యాంగ సవరణ పదవ షెడ్యూలును తెచ్చెను. మూడింట ఒకవంతు చీలినచో తప్పులేదను మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించినది గాని, మూడింట రెండువంతుల విలీనమను ద్వారము మిగిలెను. 2019 జూన్‌లో కాంగ్రెసు శాసనసభ్యులు 18 మందిలో 12 మంది ఆ ద్వారముననే సమితిలో ప్రవేశించిరి. ఒక్కడు పోయిన అనర్హత, పన్నెండుగురు పోయిన విలీనము! అంతరాత్మకు లోబడి విప్పును కాదన్న ఒంటరి సభ్యుడు పీఠము కోల్పోవచ్చును. గుంపుగా తరలినవారికి శిక్ష లేదు. ఇది ఏ ధర్మమో తెలియదు.

తీర్పరి సభాపతి, ఆయనయు ఒక పార్టీ టికెట్టుపై గెలిచినవాడే. ఈ అధికారమును ఎన్నికల సంఘము సలహాపై రాష్ట్రపతికో గవర్నరుకో అప్పగింపవలెనని 1990లోనే దినేష్ గోస్వామి సంఘము చెప్పెను. 2020లో సుప్రీంకోర్టు స్వతంత్ర ట్రిబ్యునలును సూచించెను. 2023 ఎన్నికల తరువాత గాలి మారి, భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొన్న ఆ పార్టీయే తన సభ్యులు పదిమంది కాంగ్రెసులోనికి పోయిరని మొరపెట్టుకొనెను. 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలలలో తేల్చుమని తెలంగాణ సభాపతిని ఆదేశించి, ఈ ఏర్పాటును పునరాలోచింపుమని పార్లమెంటును కోరెను.

సవరణ చేయవలసినది పెద్దది కాదు. విప్పు అవిశ్వాసమునకును ఆర్థిక బిల్లులకును పరిమితము కావలెను, విలీనపు ద్వారము మూతపడవలెను, తీర్పునకు గడువుండవలెను. పార్టీ మారదలచినవాడు ముందు పీఠమును తిరిగి ఇయ్యవలెను. ఇందులకు క్రొత్త యంత్రాంగమేదియు అక్కరలేదు. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు విద్యార్థి నడిగినను చెప్పును: ఏడాదికి తక్కువ కాని కాలము మిగిలియున్నచో, ఖాళీయైన స్థానమునకు ఆరు నెలలలో ఉప ఎన్నిక జరుపవలెనను నిబంధన ప్రజాప్రాతినిధ్య చట్టములో ఇదివరకే కలదు. 2016లోను అది ఉండెను.