ఊహకు పరీక్ష, మనిషికి తీర్పు

బడిలో "ఎందుకు?" అని అడిగితే మన బిడ్డలు గైడు వెతుకుతారు. జవాబు ముందే ఎక్కడో అచ్చయి ఉందని, దానిని కంఠస్థం చేయడమే చదువని వారి నమ్మకం. తెలిసినంతలో ఒక ఊహ చేయడం, అది తప్పయితే ఎలా బయటపడుతుందో ఆలోచించడం, ఆపైన పరీక్షించి చూడడం కూడా చదువే. ఇటువంటి ఊహను పాఠ్యపుస్తకాలు పరికల్పన అంటాయి. ఇది సైన్సు మాస్టారి పని మాత్రమేనా?

లెక్కల తరగతి చూడండి. ఒక సంఖ్యను దానితోనే గుణించి, మళ్ళీ ఆ సంఖ్యనూ, 41నీ కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని ఒక విద్యార్థి ఊహించాడనుకుందాం. 1 నుండి 39 వరకు ప్రతిసారీ అది నిజమే. 40 దగ్గర 1681 వస్తుంది. అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. ముప్పైతొమ్మిది సాక్ష్యాలను ఒక్కటి కూలదోసింది.

తెలుగు తరగతిలోనూ ఇంతే. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, గ్రాంథికమే రాయాలన్న పండితులతో ఒట్టి వాదంతో ఆగలేదు. ఆ భాష అలవడేదే అయితే పండితులైనా తప్పులేకుండా రాయాలి కదా! వారి రాతలనే పరిశీలించి తప్పులు చూపించారు.

ఇక మన ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాలలో 1990ల నుండి మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. భూగర్భజలమని, పురుగుమందులని, ఎండలో చెమటోడ్చే పని అని, నొప్పి మాత్రలని ఎన్నో ఊహలు. ఏ ఒక్కటీ పూర్తిగా రుజువు కాలేదు. నీరే కారణమైతే, అదే నీరు తాగే ఇంటిలో ఒకరికి వచ్చి మరొకరికి ఎందుకు రాలేదు? పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న ఇది.

మరి రుజువయ్యే వరకు చేతులు కట్టుకోవాలా? అక్కరలేదు. హిరమండలం నుండి వంశధార నీటిని ఆ మండలాలకు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మంచినీరు ఇవ్వడానికి ఊహ చాలు. కాని మంచం పట్టిన మనిషితో "ఇది నీ అలవాట్ల ఫలం" అనడానికి ఊహ చాలదు. సహాయం తొందరపడవచ్చు, తీర్పు తొందరపడరాదు. ఈ తేడా తెలియడమే చదువులోని నీతి.

తల్లిదండ్రులారా, రాత్రి భోజనాల వేళ పొరుగువారి గురించి మీ బిడ్డ ఏదైనా గట్టిగా చెబితే కసరకండి. "అది తప్పయితే మనకెలా తెలుస్తుందమ్మా?" అని అడగండి. మనం చెప్పే మాటలనూ అలాగే అడగనివ్వండి.